బండి వేడెక్కడానికి కారణం

సూరత్‌లోని కతర్‌గామ్‌లో సాయంత్రం వజ్రాల కార్ఖానాలు వదిలే వేళకు రోడ్డు మీద కారు కదలదు. సాన పట్టేవాళ్ళందరూ ఒకేసారి బయటికి వస్తారు. మోటారు సైకిళ్ళు కారుకు రెండు వైపులా ఆనుకుని నిలబడతాయి. ఆ రోజు అలా ఆగి ఉన్నప్పుడు, ఇంజన్ వేడిని చూపించే ముల్లు మధ్య గీత దాటి పైకి జరుగుతూ ఉండడం చూశాను. కాసేపు నా కళ్ళదే పొరపాటు అనుకున్నాను. ముల్లు ఆగకుండా ఎర్రగీత దాకా వెళ్ళింది.

నాకు కారు నేర్పిన మొదటి వారంలోనే మా ఆయన ఈ సంగతి చెప్పాడు. ముల్లు లేస్తే ముందు ఏసీ ఆపాలి, హీటర్ పూర్తిగా తిప్పాలి, పక్కకు తీసి ఇంజన్ ఆపాలి, రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకూడదు. ఆయన చెప్పిన తర్వాత ఎన్నో ఏళ్ళు దానితో పని పడలేదు. ఆ రోజు అన్నీ చేశాను. దసరా దాటినా తగ్గని ఎండలో హీటర్ గాలి మొహం మీదికి కొట్టింది. ఒక మూసిన షట్టర్ ముందు కారు ఆపి బానెట్ ఎత్తాను.

బానెట్ ఎత్తిన కారు చుట్టూ మనుషులు చేరడానికి ఎక్కువసేపు పట్టదు. ఒకాయన సీఎన్‌జీ వల్లే అన్నాడు. గ్యాస్ బండ్లన్నీ ఇంతేనట. ఇంకొకాయన నీళ్ళ సీసా పట్టుకొచ్చి, అక్కను పిలిచినట్టు "బెన్, పానీ," అంటూ రెండో చేయి తిన్నగా రేడియేటర్ మూత మీద పెట్టబోయాడు. "ముట్టుకోవద్దు!" అని తెలుగులోనే అరిచాను. భాష తెలియకపోయినా చేయి వెనక్కి తీసుకున్నాడు.

"టీచర్ హో క్యా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేను టీచర్నే.

వేడి తగ్గాక పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా చూశాను. కూలెంట్ రెండు గీతల మధ్య, ఎంత ఉండాలో అంతే ఉంది. కింద నేల పొడిగా ఉంది. ఎక్కడా కారలేదు.

మా ఆయన వానలకు ముందు పోయాడు. కరీంనగర్ వైపు నుంచి చిన్నతనంలోనే సూరత్ వచ్చి సాంచాల మీద పనిచేశాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలు అంటారు. తర్వాత జాబర్ అయ్యాడు, అంటే ఆగిపోయిన సాంచాను మళ్ళీ నడిపించే మనిషి. ఒక మధ్యాహ్నం పని మధ్యలో స్టూలు మీద కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. సంతాపం చెప్పడానికి వచ్చినవాళ్ళు ఆయన గురించి చాలా పెద్ద మాటలు మాట్లాడారు. మంచి మనసుతోనే మాట్లాడారు. కానీ ఆ మాటల్లో నాకు ఆయన ఎక్కడా కనబడలేదు.

కారు ఆయనది. పాతది కొన్నాడు. పర్వత్ పాటియాలో మేముండే గల్లీలో, సాంచాల షెడ్డు పక్క గోడకు ఆనించి పెట్టేవాడు. నేను పనిచేసే మున్సిపల్ తెలుగు బడి ఇదివరకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది. ఈ ఏడు నన్ను కోసాడ్‌కు మార్చారు. ఊరికి ఈ చివర నుంచి, తాపీ నది దాటి ఆ చివరికి. బస్సులు మారి వెళ్ళవచ్చు, వెళ్ళేవాళ్ళున్నారు. కానీ ఉన్నమాట చెప్పాలంటే నాకు బస్సు కంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఆ కారును వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆ సాయంత్రం నేను ఫోన్ చేస్తే మా మరిది తన టెంపోలో నీళ్ళ డబ్బాలు వేసుకుని వచ్చాడు. ఆయన బట్టల మార్కెట్లో పార్సిళ్ళు తోలుతాడు. టెంపో తీసుకోకముందు ఆయన కూడా సాంచాల మీదే ఉండేవాడు.

"ఏంది వదినా, గీడ ఆపినవ్? నీళ్ళు అయిపోయినయా?"

"నీళ్ళు తగ్గలే. చూడు, నిండుగానే ఉన్నయ్."

"తగ్గకపోతే ఎందుకు కాల్తది? నేనైతే పొద్దుగాల చాయ్ తాగకముందే టెంపోకు నీళ్ళు తాగిపిస్త." డబ్బా కిందపెట్టి ఇంజన్ వైపు చూశాడు. "అన్న ఉన్నప్పుడు ఒక్కనాడన్న గిట్లయిందా?"

"కాలే."

"మరి?"

ఆ 'మరి'లో నా డ్రైవింగ్ గురించి ఆయన అభిప్రాయం ఉంది. ఇంటికి చేరాక మా అమ్మాయి అందుకు బదులు చెప్పింది. తను ఒక మార్కెట్ ఆఫీసులో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు వేస్తుంది. పుట్టింది, పెరిగింది ఇక్కడే.

"కాకా, తమారో టెంపో హఫ్తాకు రెండుసార్లు నిలబడతది. దానికి ఎవరు డ్రైవరు? మా అమ్మనా?"

"నా టెంపో ముసల్ది బిడ్డా. నిలబడి నిలబడి నడుస్తది. గది వేరే."

మరునాటి నుంచి బండి మెకానిక్ దగ్గరికి తిరిగింది. ఉదయం చల్లటి పూట కోసాడ్ దాకా బాగానే వెళ్ళేది. సాయంత్రం ఎండలో, రద్దీలో ముల్లు లేచేది. మెకానిక్ హిందీలో మాట్లాడే గుజరాతీ, చేతి వేగం ఉన్నవాడు. ముందు రేడియేటర్ మూత మార్చాడు. ఆ రోజు సాయంత్రం మళ్ళీ వేడెక్కింది. తర్వాత పాత కూలెంట్ తీసేసి, లోపల కడిగి కొత్తది పోశాడు. మళ్ళీ వేడెక్కింది. ఫ్యాన్ తిరుగుతోందా అని చూశాడు. గట్టిగా శబ్దం చేస్తూ తిరిగింది. ఇక థర్మోస్టాట్ అన్నాడు. ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే చిన్న మూత అది. మూసుకుపోయి ఉంటుంది, తీసి పారేద్దాం, అది లేకుండానే బండ్లు తిరుగుతాయి అన్నాడు. పారేయకుండా నా చేతికి ఇమ్మన్నాను.

ఇంటికి తెచ్చి, గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి పొయ్యి మీద పెట్టాను.

"అమ్మా! చాయ్ గిన్నెలనా? ఛీ!"

"తోముతలే."

"తోమినా నేను దీంట్ల తాగ."

అంటూనే పక్కకు వచ్చి నిలబడింది. నీళ్ళు తెర్లకముందే ఆ చిన్న మూత మెల్లగా నోరు తెరిచింది. పొయ్యి ఆపాక మళ్ళీ మూసుకుంది. ఇంకొకసారి చేశాం. మళ్ళీ అలాగే తెరుచుకుంది. దాంట్లో ఏ లోపమూ లేదు. మర్నాడు మెకానిక్ చేత తిరిగి బిగింపించాను. ఆయనకు అది నచ్చలేదు.

"బెన్, అబ్ హెడ్ ఖోల్నా పడేగా," అన్నాడు. ఇంజన్ పై భాగం విప్పాలి. దాని కింద ఉండే గాస్కెట్ కాలిపోయి ఉంటుంది. విప్పితే పని పెద్దది, పాత బండికి అంత చేయించడం దండగ. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "భాయ్ నే ధ్యాన్ నహీ రఖా హోగా," అన్నాడు. మీ ఆయన సరిగా చూసుకొని ఉండడు అని.

ఆయన మామూలుగా అన్నాడు. పాత బండి తెచ్చిన ప్రతి ఆడమనిషితోనూ అలాగే అంటాడేమో. కానీ ఆ మాట నాతో పాటు ఇంటికి వచ్చింది. మా ఆయనకు ఇంట్లో ఫ్యాను రెక్కల మీద దుమ్ము కనబడితే నిద్ర పట్టేది కాదు. ఆయన బండిని చూసుకోలేదనడం నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నా దగ్గర రుజువేమీ లేదు. మరిది మాత్రం మెకానిక్ మాటే నిజమనుకున్నాడు. అన్న మీద చిన్నచూపుతో కాదు, భయంతో.

"వదినా, తాపీ బ్రిడ్జి మీద నిలబడితే ఏం జేస్తవ్? ఒక్కదానివి. ఎనుక లారీలు. అన్న ఆఖరికి పని ఎక్కువై బండి దిక్కు చూడనేలేదేమో. అమ్మేద్దాం. విప్పి సామాన్లమ్ముకునెటాయన ఒకాయన ఉన్నడు. ఆదివారం పొద్దుగాల తోలుకొస్త."

"హెడ్డే పోయిందని ఎట్ల చెప్తవ్?"

"మిస్త్రీ చెప్పిండు గదా!"

"మూత అన్నడు, నీళ్ళు అన్నడు, థర్మోస్టాట్ అన్నడు. అన్నీ చెప్పిండు."

"అయితే నువ్వే చెప్పు మరి, ఏం పోయిందో."

ఆదివారం రమ్మను అన్నాను. హెడ్డే పోయి ఉంటే అమ్మేయాలి, దానికి ఒప్పుకున్నాను. పోయిందో లేదో తెలియకుండా మాత్రం అమ్మనని కూడా చెప్పాను.

బండితో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం డాష్‌బోర్డు అరలో ఉంది. బడిలో మధ్యాహ్నం విరామాల్లో అది చదివాను. తర్వాత ఫోన్‌లో దొరికినవి చదివాను. గాస్కెట్ పోతే కూలెంట్ తగ్గుతూ ఉండాలి. తగ్గడం లేదు. పొగ తెల్లగా రావాలి. రావడం లేదు. ఆయిల్ మూత లోపల మీగడలాంటి జిగురు పట్టాలి. విప్పి చూశాను, శుభ్రంగా ఉంది. డబ్బాలో బుడగలు రావాలి. ఇంజన్ నడిపి చూశాను, రాలేదు. అంటే లోపల అంతా బాగానే ఉంది. అయినా వేడెక్కుతోంది. ఇక్కడికి వచ్చి నా ఆలోచన ఆగిపోయేది.

శనివారం అమ్మాయిని మార్కెట్ నుంచి తీసుకొస్తుంటే తను ఏసీ తిప్పి, మొహం చిట్లించి, ఆపేసింది.

"నడవది అమ్మా ఇది. దసరాకు ముందటి నుంచే బేకార్. ఖాలీ హవా ఆవే ఛే," అంది. ఉత్త గాలే వస్తోందని.

"మరి చెప్పలేదేం?"

"చెప్పిన. నువ్వు గ్యాస్ అయిపోయిందన్నవ్."

అవును, అన్నాను. అప్పుడు అది వేరే సంగతి అనుకున్నాను. మిగిలిన దారంతా ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాను. ఏసీది వేరే గ్యాసు, వేరే గొట్టాలు. ఇంజన్‌ది వేరే కూలెంట్, వేరే గొట్టాలు. ఒకదానితో ఒకటి కలవవు. ఈ రెండూ ఒకే కాలంలో ఎందుకు చెడాలి? పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చింది. బండి మూతి దగ్గర ముందు ఏసీ జల్లెడ, దాని వెనకే రేడియేటర్ నిలబడి ఉంటాయి. ముందు నుంచి వచ్చే గాలి ఆ రెండింటినీ దాటి లోపలికి పోతుంది. ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ గాలి ఒక్కటే.

ఆదివారం పొద్దున మరిది ముందుగానే వచ్చాడు. కొనే మనిషి దారిలో ఉన్నాడు. గల్లీలో ఇంజన్ నడిపించి ఫ్యాన్ తిరిగేదాకా ఆగాను. అమ్మాయి ఆఫీసు నుంచి తెచ్చుకున్న శాంపిళ్ళలో బాగా పలచటి జార్జెట్ ముక్క ఒకటి వెంట తెచ్చుకున్నాను. కిందికి దిగే ముందే దాన్ని ఇంట్లో టేబుల్ ఫ్యాన్ వెనక పట్టి చూశాను. ఫ్యాన్ లాగేసరికి జాలీకి అతుక్కుపోయింది. ఇప్పుడు అదే ముక్కను బండి ముందు, గ్రిల్‌కు దగ్గరగా పట్టుకున్నాను. లోపల ఫ్యాన్ హోరుమంటోంది. గుడ్డ తిన్నగా కిందికి వేలాడింది. అంచు కూడా కదలలేదు.

"ఏం జేస్తున్నవ్ వదినా? ఇంజన్‌కు కొంగు కప్పుతున్నవా?"

"ఫ్యాన్ వినబడుతున్నదా?"

"చెవుడా నాకు? తిరుగుతున్నది మంచిగ."

"గాలి ఎటు నుంచి గుంజాలె?"

"ముందట నుంచే."

"ఏది మరి?"

మరిది గుడ్డను చూశాడు. దాన్ని నా చేతిలోంచి తీసుకుని తనూ పట్టుకుని చూశాడు. గ్రిల్ ఈ మూల, ఆ మూల పెట్టాడు. తర్వాత నవ్వకుండా ఇంజన్ ఆపమన్నాడు.

పైన ప్లాస్టిక్ మూత ఉంది. దాని బిళ్ళలు పీకి ఎత్తాం. ఫోన్ లైటు వేసి లోపలికి చూస్తే, గ్రిల్‌కూ ఏసీ జల్లెడకూ మధ్య బూడిదరంగులో ఏదో అడ్డంగా నిలబడి ఉంది. మరిది చేయి లోపలికి పెట్టి అంచు వెంట తడిమాడు. "కొక్కేలున్నయ్," అన్నాడు. ఒక్కొక్కటి విప్పి, పైకి లాగాడు.

గొంగడి ముక్కలా వచ్చింది. సాంచాల నుంచి లేచే నూగు అది. షెడ్డు ఫ్యాను బయటికి నెట్టే పాలిస్టర్ పీచు, వానకు తడిసి, ఎండకు ఎండి, మళ్ళీ తడిసి, వేలు మందాన పేరుకుంది. దాని మీద గీకితే లోపల నల్లటి జాలీ గుడ్డ బయటపడింది. అంచులు నైలాను దారంతో మడిచి కుట్టి ఉన్నాయి. కొక్కేలు కొన్నవి కావు. సాంచాలో పోగులు దూర్చే సన్నటి ఇనుప తీగలను వంచి చేసినవి.

మరిది దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది అన్నదే."

"ఎట్ల తెలుసు?"

"కుట్టు చూడు. సాంచాల మోటర్లకు మేం గిట్లనే కడుతుంటిమి. నూగు లోపటికి పోకుండ. కట్టి దినాం దులపాలె. దులపకపోతే మోటరు ఊపిరాడక కాల్..."

జాలీని కింద పెట్టాడు.

మా ఆయన ఆదివారం ఉదయం ఒక పాత పెయింటు బ్రష్ తీసుకుని కిందికి వెళ్ళేవాడు. తిరిగి వచ్చినప్పుడు కనుబొమల మీద, చొక్కా మీద నూగు ఉండేది. బండి తుడుస్తున్నాడనుకునేదాన్ని. సాంచాల మనిషి వంటి మీద నూగు ఉండడం మా ఇళ్ళలో అడగవలసిన సంగతి కాదు. స్నానం చేయి, టిఫిన్ చల్లారుతోంది అనేదాన్ని. ఆయన దాచిపెట్టిందేమీ లేదు. చెప్పేంత సంగతి అనుకోలేదు, అంతే. గోడకు అవతల సాంచాలున్నాయి కాబట్టి బండికి జాలీ కట్టాడు. కట్టినవాడు కాబట్టి వారం వారం దులిపాడు. ఆయన పోయాక జాలీ అక్కడే ఉంది, సాంచాలు నడుస్తూనే ఉన్నాయి.

కొనే మనిషి అప్పుడే స్కూటర్ మీద వచ్చాడు. ముందు భాగం విప్పి ఉండడం చూసి సంతోషించాడు. "ఖోల్ భీ దియా? మేరా కామ్ ఆసాన్ కర్ దియా," అన్నాడు, తన పని తేలికైందని. ఆయనను పిలిపించింది మరిదే. నేను నోరు తెరవకముందే మరిది, "నహీ బేచ్నా, భాయ్," అన్నాడు, అమ్మేది లేదని.

"ఫోన్ పర్ తో బోలా థా..."

"బోలా థా. అబ్ నహీ బేచ్నా. చాయ్ పీకే జావ్."

అమ్మాయి చాయ్ తెచ్చింది. ఆ మనిషి తాగి, జాలీని కాలితో కదిపి చూసి, ఏమీ అర్థం కాక వెళ్ళిపోయాడు. తెచ్చింది ఏ గిన్నెలో కాచిన చాయ్ అని నేను అడగలేదు.

ఇంజన్ మళ్ళీ నడిపించి గుడ్డ పట్టుకున్నాం. ఫ్యాన్ తిరగగానే జార్జెట్ ముక్క నా వేళ్ళలోంచి జారి గ్రిల్‌కు అతుక్కుంది. సోమవారం కోసాడ్ వెళ్ళాను. తిరిగి వస్తూ కతర్‌గామ్‌లో అదే వేళకు, అదే రద్దీలో ఏసీ వేసుకుని ఆగాను. చల్లగా వచ్చింది. ముల్లు మధ్య గీత మీద ఉంది. రద్దీ విడేదాకా నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. వెనకవాళ్ళు హారన్లు కొట్టాక కదిలాను.

దారిలో మెకానిక్ దగ్గర ఆగి జాలీ సంగతి చెప్పాను. "నాకు కనబడింది బెన్, కంపెనీ ఫిట్టింగ్ అనుకున్నా," అని పెద్దగా నవ్వాడు. తను అన్న ఆ మాటను గుర్తు చేశాను. మా ఆయన బండిని చూసుకున్నాడని చెప్పాను. "అచ్ఛా, అచ్ఛా," అన్నాడు. ఆ మాట అన్నట్టు ఆయనకు గుర్తున్నట్టు లేదు. అయినా చెప్పాలనుకున్నాను, చెప్పాను.

జాలీ గురించి ఇంట్లో రెండు రోజులు వాదన నడిచింది. మరిది దాన్ని పారేయమన్నాడు, వచ్చిన ముప్పంతా దానితోనే కదా అని.

"పారేస్తే నూగంతా సీదా రేడియేటర్‌లకు పోతది కాకా. అప్పుడు ఎవరు తీస్తరు?" అంది అమ్మాయి.

"బండి వేరే జాగల పెట్టుకోండ్రి."

"ఈ గల్లీల వేరే జాగా చూపియ్, పెడతం."

మా గల్లీలో ఏ గోడ చూసినా అవతల సాంచాలే.

నేను దాన్ని సబ్బు నీళ్ళలో నానబెట్టి ఉతికాను. నీళ్ళు చాలాసార్లు మార్చాల్సి వచ్చింది. ఆరాక మరిది వచ్చి పాత కొక్కేలతోనే బిగించాడు. ఎలా విప్పాలో అమ్మాయికి, నాకు ఇద్దరికీ చూపించమన్నాను. మెకానిక్‌కు ముందే చెప్పి ఉన్నాను. ఇప్పుడు అది అక్కడ ఉందని నలుగురికి తెలుసు.

అప్పటి నుంచి ఆదివారాలు మరిది ఫోన్ చేస్తాడు. బాగున్నావా అని అడగడు. "వదినా, జాలీ దులిపినవా?" అని మొదలుపెడతాడు.

"దులిపిన," అన్నాను మొన్న.

"సచ్చీ?"

"సచ్చీ."

అప్పటికి దులపలేదు. ఫోన్ పెట్టేసి, తలుపు వెనక ఉన్న బ్రష్ తీసుకుని కిందికి వెళ్ళాను.